ఐదో నంబరు నూనె విజయం

సర్జాపుర రోడ్డు మీది హంసవనం అపార్ట్‌మెంటు నివాసుల సంక్షేమ సంఘం వారు సభ్యులందరికీ సవినయంగా తెలియజేయునది ఏమనగా: బేస్‌మెంటు రెండు, నూట పద్నాలుగో నంబరు తావులో నిలిపివున్న ఎర్ర కారుకు గేరుపెట్టె నూనె మార్చు కార్యక్రమం రాబోవు ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు అధ్యక్షులవారి అమృత హస్తాల మీదుగా జరుగును. సభ్యులు కుటుంబసమేతంగా విచ్చేసి జయప్రదం చేయ ప్రార్థన. తదుపరి అల్పాహారం కలదు.

ఈ ప్రకటన చదివి నవ్వేవాళ్ళు బెంగళూరుకు కొత్తవాళ్ళు. నాలుగు వందల ఇళ్ళు ఒక గోడలోపల చేరాక, ఒకడి బండికి ఒకడే నూనె మార్చుకోవడం ఎక్కడైనా ఉంటుందా? పల్లెలో ఎద్దుకు జబ్బు చేస్తే ఊరంతా వచ్చి తలా ఒక మందు చెప్పి పోయేవాళ్ళు. ఎద్దు తన సంగతి తానే తేల్చుకునేది. నగరంలో పద్ధతి బాగుపడింది. ఇక్కడ తలా ఒక మందు చెప్పి, దాన్ని తీర్మానం చేసి, అధ్యక్షుడి సంతకంతో ఎద్దుకు పంపుతారు.

కారు హేమంత్‌కుమార్‌ది. అతనిది ముళబాగిలు పక్క పల్లె, బెళ్ళందూరులో కంప్యూటరు ఉద్యోగం. ఇరవై ఏడేళ్ళ కిందట జపాను వాళ్ళు చేసిన ఆ కారుకు రెండే సీట్లు, గుడ్డ కప్పు. మూడో మనిషికి చోటులేదు కాబట్టి ఇంట్లోవాళ్ళు దాన్ని కారుగా లెక్కవేయరు. వారంలో ఆరు రోజులు హేమంత్‌కుమార్ వేరే బండిలో ఔటర్ రింగు రోడ్డు మీద మొదటి గేరులో గడుపుతాడు. ఏడో రోజు తెల్లవారుతుండగానే ఎర్ర కారు తీసి, చింతామణి దారి పట్టి, కైవారం దగ్గర కొండ మలుపుల్లో రెండో గేరు వేస్తాడు. ఆ గేరులో బండి మలుపు తిరిగే తీరు చూసుకుని, టిఫిను వేళకు ఇంటికి వస్తాడు. అతను తనకోసం చేసుకునేది వారానికి ఆ ఒక్క పనే.

ఈ మధ్య ఆ రెండో గేరు పడేటప్పుడు, ఎండిన చెరకు గడ నమిలినట్టు కర్‌ర్‌మని శబ్దం మొదలయింది. అందుకని కాడుగోడి స్టేషను దగ్గర షెడ్డు పెట్టుకున్న ఓబళప్ప దగ్గరికి బండి తీసుకుపోయాడు. ఓబళప్ప బాగేపల్లి వైపు మనిషి, అరవై దాటినవాడు. మాట తక్కువ. గేరు కర్ర మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, స్టేషను దాకా పోయి వచ్చాడు. తోలింది హేమంత్‌కుమారే కనుక కళ్ళు మూసుకోవడం వల్ల ఎవరికీ నష్టం జరగలేదు.

"లోపల ఇత్తడి ఉంగరం అరగబట్టింది," అన్నాడు దిగి. "తిరిగే చక్రాన్ని పట్టి నిదానం చేసేది ఆ ఉంగరమే. ఇంగా పోలేదు. నాలుగో నంబరు నూనె పోస్తే పదేండ్లు ఉంటాది."

"ఐదు ఇంకా మంచిదంటారు కదన్నా?"

"మంచిదే. దాని తావు వేరే. వెనకాల ఇరుసు పెట్టె ఉండాది చూడు, దానికి ఐదే పొయ్యల్ల. ముందర పెట్టెలో పోస్తే ఐదులో ఉండే మందు ఇత్తడిని కొరుకుతాది. ఉంగరం పోతే రెండో గేరు పోయినట్టే. ఆ ఉంగరం ఇప్పుడు జపానులో గూడా దొరకదప్పా."

ఒక సంచిలో నూనెలు, పానాలు వేసుకుని, మరుసటి శనివారం పొద్దున్నే హంసవనం గేటు దగ్గరికి వచ్చాడు ఓబళప్ప. గేటులో కాపలా బైరప్ప. వచ్చినవాడి పేరు, పోయే ఇల్లు, పని ఏమిటన్నది ఫోనులో కొట్టి పంపాకే లోపలికి వదలాలని నియమం. నియమం మంచిదే. కథంతా నడిపింది అదే.

"యాడికప్పా?"

"హేమంత్‌కుమార్ ఇంటికి. ఎణ్ణె మార్చేకి."

కన్నడంలో ఎణ్ణె అంటే నూనె. ఈ పక్క తెలుగువాళ్ళు నూనెనూ ఎణ్ణెనూ కలిపే వాడుకుంటారు. అయితే బెంగళూరులో ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. సాయంత్రం నలుగురు స్నేహితులు చేరి 'ఎణ్ణె వేద్దామా' అనుకుంటే తల అంటుకోవడానికి కాదు. బైరప్పకు రెండు అర్థాలూ తెలుసు. సాధారణంగా రెండోదే ముందు గుర్తొస్తుంది.

"పొద్దున్నేనా?" అన్నాడు.

"వేడి మీదనే దించల్ల. సల్లారితే దిగదు."

"ఎంత పడుతుంది?"

"రెండు లీటర్లు."

"ఇద్దరికా?"

"ఒక్కదానికే. మళ్ళా వెనకాల ముక్కాలు లీటరు."

బైరప్ప ఓబళప్పను పైనుంచి కిందిదాకా గౌరవంగా చూసి, విన్నది విన్నట్టు ఫోనులో కొట్టాడు. ఆ యంత్రంలో ఉండే గొప్పతనం ఏమిటంటే, ఒక ఇంటి సంగతి గేటు దగ్గర కొట్టగానే సంఘం కార్యదర్శి చేతిలో మోగుతుంది. కార్యదర్శి నళినిగారు ఒక పెద్ద కంపెనీలో నియమాలు రాసే ఉద్యోగంలో ఉన్నారు. శనివారాలు అక్కడ సెలవు. ఆ రోజు రాయాల్సిన నియమాలు ఆవిడ ఇక్కడ రాస్తారు.

అరగంటలో హేమంత్‌కుమార్‌కు సంజాయిషీ నోటీసు అందింది. ఉదయం ఎనిమిది గంటలకే తమ ఫ్లాటులో ఎణ్ణె కార్యక్రమం జరుపుచున్నట్టు సంఘం దృష్టికి వచ్చినదనియు, రెండు లీటర్లు 'ఒక్కదానికే' అని గేటు వద్ద చెప్పబడినందున సదరు ఒక్కదాని పేరు, ఫ్లాటు నంబరు వెంటనే తెలుపవలెననియు, వెనకాల ముక్కాలు లీటరు ఎవరు తీసుకొనుచున్నారో విడిగా వివరించవలెననియు అందులో ఉంది. నోటీసు మొదట చదివింది అతని భార్య ఆశ. ఆ ఉదయం ఆ ఇంట్లో జరిగిన దానికి గేరు నూనెతో సంబంధం లేదు కనుక ఇక్కడ రాయడం లేదు.

హేమంత్‌కుమార్ నూనె డబ్బా పట్టుకుపోయి నళినిగారికి చూపించాడు. మూత తీసి వాసన కూడా చూపించాడు. ఆవిడ ఒప్పుకున్నారు. తాగేది కాదని నమ్మకం కుదిరింది. కానీ ఫైలు తెరిచారు. తెరిచిన ఫైలు ఏదో ఒక నిర్ణయం లేకుండా మూయడం హంసవనంలో ఆచారం కాదు. తాగుడు లేదని తేలింది కాబట్టి, నూనె ఏదని తేల్చాలి. ఓబళప్పను గేటు దాకా సాగనంపి, గేరు నూనె నిర్ణాయక ఉపసంఘం వేశారు.

ఉపసంఘానికి అధ్యక్షుడు అమరనాథ్‌గారు. సంఘానికీ ఆయనే అధ్యక్షుడు. నలభై ఏళ్ళకే పెద్ద మేనేజరై, తన కారు గేరు తనే మార్చుకునే అవసరం దాటిపోయిన మనిషి. అందువల్ల ఆయనకు గేర్ల విషయంలో స్వార్థం లేదు. నళినిగారు సభ్యులు. మూడో సభ్యురాలు ప్రమీల. ఒక ఆసుపత్రిలో నర్సులందరి మీదా పెద్ద నర్సు. మూడో సభ్యురాలిగా ఎవరూ నిలబడకపోతే, డ్యూటీ దిగి వస్తున్న ఆవిడను లిఫ్టు దగ్గర ఆపి వేశారు.

హేమంత్‌కుమార్ బండితో వచ్చిన పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. అంతా జపాను లిపి. నడుమ ఒక్కచోట అందరికీ తెలిసిన అంకె ఉంది. నాలుగు.

అమరనాథ్‌గారు లేచి మాట్లాడారు. "ఫ్రెండ్స్, ఇక్కడ ప్రశ్న ఆయిల్ కాదు. మైండ్‌సెట్! ఈ బుక్ ఏ ఇయర్‌ది? అప్పటి రిక్వైర్‌మెంట్ ఫోర్. ఓకే, రెస్పెక్ట్ చేద్దాం. కానీ మన కమ్యూనిటీ మొత్తం లాస్ట్ ఇయరే ఫోర్‌జీ నుంచి ఫైవ్‌జీకి వచ్చేసింది. ఫోన్‌కి ఫైవ్, హోటల్‌కి ఫైవ్ స్టార్, ఫ్రిజ్‌కి ఫైవ్ స్టార్. మన హేమంత్ కార్‌కి మాత్రం ఫోరా? ఒక రెసిడెంట్‌ని మనం అలా వెనక వదిలేస్తామా?"

వదలకూడదని చప్పట్లు పడ్డాయి. ఐదో నంబరు నూనె ఆ పుస్తకం అచ్చుకాక ముందు నుంచీ ఉంది. జపాను వాళ్ళకు ఐదు దాకా లెక్క వచ్చు. తెలిసే నాలుగు రాశారు. అయితే ఈ సంగతి ఉపసంఘం ముందు ఎవరూ లిఖితపూర్వకంగా పెట్టలేదు.

ప్రమీల ఒక్కతే అడ్డం మాట్లాడింది. "డాక్టరు నాలుగు రాస్తే నాలుగే ఇస్తామండీ. ఐదు పెద్దదని ఐదు ఇస్తే మనిషి పోతాడు."

"మేడమ్, అది పేషెంట్. ఇది స్పోర్ట్స్ కార్," అన్నారు నళినిగారు.

ప్రమీల అన్నమాటను మినిట్స్‌లో ఇలా రాశారు: 'వైద్యరంగ నిపుణులు కూడా చర్చలో ఉత్సాహంగా పాల్గొన్నారు.'

పని చేయబోయే మనిషిని విచారించకుండా నిర్ణయం చేశారన్న మాట రాకూడదని ఓబళప్పను పిలిపించారు. చెప్పులకు నూనె ఉందని కాసేపు బయట నిలబెట్టి, చెప్పులు విడిచాక లోపలికి రానిచ్చారు. ఏది పోయాలని అడిగారు.

"నాలుగు, సామీ."

"మీరు ఎంతవరకు చదివారు?"

"నాలుగు దాకా, సామీ."

ఉపసంఘం సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. విషయం అర్థమయింది. ఎవరికి తెలిసినంత వాళ్ళు చెబుతారు, తప్పులేదు. ఓబళప్పను నొప్పించకుండా, మర్యాదగా కాఫీ ఇచ్చి పంపారు. ఐదో నంబరు నూనె సంఘం తరఫునే తెప్పించి సీలు వేసి ఆఫీసులో పెట్టాలనీ, పని మాత్రం చేయి తిరిగినవాడు కాబట్టి ఓబళప్పే చేయాలనీ తీర్మానం. మూడో షరతు నళినిగారు స్వయంగా రాశారు: ఆమోదం పొందని నూనె పోసినట్టు తేలితే, సదరు వాహనానికి ఇచ్చిన తావు రద్దగును.

హంసవనంలో తావు పోయిన బండికి సర్జాపుర రోడ్డే గతి. రోడ్డు పక్క గుడ్డకప్పు కారు నిలిపితే, వారానికి గుడ్డ పోతుంది. మరో వారానికి కారు పోతుంది. హేమంత్‌కుమార్ షరతును రెండుసార్లు చదివి, సంఘం తన రెండో గేరు మీద చూపిన శ్రద్ధకు కృతజ్ఞతలు తెలిపాడు. అతనికి తావూ కావాలి, గేరూ కావాలి. ఒక మనిషికి రెండు కోరికలు ఉండటం సంఘాలకు ఎప్పుడూ సౌకర్యమే.

ఆదివారం వచ్చింది. బేస్‌మెంటు రెండులో ముగ్గు పెట్టారు. మామిడాకులు కట్టారు. కారును నాలుగు ఇనప స్టాండ్ల మీదికి ఎత్తారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టబోతే చక్రాలు నేలకు తగలడం లేదు. అందుకని నిమ్మకాయలు స్టాండ్ల పక్కన పెట్టి సర్దుకున్నారు.

ఓబళప్ప ఒక్కటే మాట అడిగాడు. "సామీ, పెట్టెకు రెండు బోల్టులు. కిందిది నూనె దించేది, పక్కన పైనుండేది పోసేది. ముందు పైది వస్తాదో రాదో చూసుకోని, అప్పుడు కిందిది ఇప్పల్ల."

కార్యక్రమ పత్రం చూశారు. నాలుగో అంశం: కింది బోల్టు విప్పుట, అధ్యక్షులవారు. ఏడో అంశం: పై బోల్టు విప్పుట, కార్యదర్శిగారు. నడుమ ఐదో అంశం స్వాగతోపన్యాసం, ఆరోది పిల్లల డాన్సు. పత్రాలు అచ్చయిపోయాయి. అచ్చయినదాన్ని మార్చడం ఓబళప్ప వల్ల కాదు. బోల్టు వల్ల అసలే కాదు.

అమరనాథ్‌గారు యోగా చాప పరుచుకుని, తెల్ల కుర్తాతో కారు కింద పడుకున్నారు. ఫోటోలు తీశారు. ఓబళప్ప పట్టు సడలించి పెట్టిన బోల్టును ఆయన రెండు వేళ్ళతో తిప్పారు. కాగిన నల్ల నూనె మోచేతి దాకా దిగింది. ఆయన ఓర్చుకున్నారు. నాయకత్వం అంటే అదే. పళ్ళెంలో పడ్డ నూనెలో పసుపుపచ్చ రజను తళతళమని మెరిసింది. బంగారం లాగుంది, శుభసూచకం అన్నారెవరో. నలుగురు పళ్ళెం పక్కన నిలబడి ఫోటో దిగారు. అది అరిగిపోయిన ఉంగరం పొడి. ఓబళప్ప వేలితో కాస్త తీసి, హేమంత్‌కుమార్ అరచేతిలో రాసి పక్కకు పోయాడు.

ఉపన్యాసం అయింది. డాన్సు అయింది. నళినిగారు రిబ్బను కట్టిన పానాతో పై బోల్టు పట్టారు. అది కదలలేదు. అమరనాథ్‌గారు పట్టారు. ఇరవై ఏడేళ్ళుగా ఎవరూ పలకరించని బోల్టు. ఉత్సాహవంతులైన మరికొందరు సభ్యులు వరసగా పట్టేసరికి దాని మూలలు అరిగి, గుండ్రంగా గోలీకాయ అయింది.

ఇప్పుడు పరిస్థితి ఏమంటే, పెట్టె ఖాళీ. పోయడానికి దారి లేదు. కొత్తవాళ్ళు దీన్ని పొరపాటు అనవచ్చు. చుట్టుపక్కల చెరువులు ఎన్నో ఇదే పద్ధతిలో బాగుచేయబడ్డాయి. ఉన్న నీళ్ళు తీసేయడం మొదటి దశ. రెండో దశకు ఎప్పుడూ ఇంకో సంఘం వస్తుంది. నాలుగో అంశం సంపూర్ణంగా విజయవంతమైందనీ, ఏడో అంశం సాంకేతిక కారణాలచేత వాయిదా పడిందనీ అక్కడికక్కడే తీర్మానించి, అందరూ అల్పాహారానికి పైకి వెళ్ళారు. ఇడ్లీ, వడ, కేసరిబాత్. సంఘం చేసే పనుల్లో టిఫిను ఎన్నడూ వాయిదా పడలేదు.

బేస్‌మెంటులో ఇద్దరే మిగిలారు.

"ఇప్పుడెట్లన్నా?" అన్నాడు హేమంత్‌కుమార్.

"టార్చి పట్టు." ఓబళప్ప కారులోకి దూరి, గేరు కర్ర చుట్టూ ఉన్న తోలు తొడుగు విప్పి, నాలుగు నట్లు తీసి, కర్రను పైకి పీకేశాడు. కింద చిల్లు కనబడింది. పెట్టె లోపల దాకా దారి. "తలుపు మూస్తే కిటికీ ఉండాది లేప్పా."

కింది బోల్టు బిగించి వచ్చి, సంచిలోంచి డబ్బా తీశాడు. దాని మీద నాలుగు అని ఉంది. గొట్టం పెట్టి పోయబోతూ తలెత్తి చూశాడు.

"బండి నీది. తావూ నీదే. నువ్వు చెప్పు."

హేమంత్‌కుమార్ మెట్ల వైపు చూశాడు. పైన వడలు వడ్డిస్తున్న శబ్దం. అరచేతిలో పసుపు రజను ఇంకా ఉంది. "పోసెయ్యన్నా," అన్నాడు.

రెండు లీటర్లు గుటగుటమని దిగాయి. తర్వాత ఓబళప్ప వెనక్కి పోయి, ఇరుసు పెట్టెకు ముందు పై బోల్టు, తర్వాత కింది బోల్టు విప్పి, పాత నూనె దించి, కిందిది బిగించి, కార్యక్రమానికని తెచ్చిపెట్టిన డబ్బాకు సంఘం వారి సీలు పగలగొట్టి ఐదో నంబరు నూనె అంచు దాకా పోశాడు. దాని తావులో అది చక్కగా కూర్చుంది. మిగిలిన సంఘం నూనె సంచిలోకి పోయింది. కాడుగోడిలో టెంపో ఇరుసులు చాలా ఉన్నాయి.

అందరూ చేతులు తుడుచుకుంటూ దిగి వచ్చేసరికి బండి నేల మీద ఉంది.

"మన ఆయిల్ పడిందా?" అన్నారు అమరనాథ్‌గారు.

"పడింది సామీ. అంచు దాకా పడింది," అన్నాడు ఓబళప్ప. ఏ పెట్టెలో అని అడిగే అంశం కార్యక్రమ పత్రంలో లేదు.

హంసవనం లోపలి రోడ్డు చుట్టూ బండి తిప్పారు. ఉపసంఘం ఈత కొలను పక్కన వరసగా నిలబడి వింది. మొదటి గేరు. రెండో గేరు. శబ్దం లేదు. వెన్నలో చెంచా దిగినట్టు పడింది. మూడు పడింది. మళ్ళీ రెండు. హేమంత్‌కుమార్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి అమరనాథ్‌గారి కళ్ళలోనూ తిరిగాయి.

"ఫ్రెండ్స్! ఒక చిన్న నంబర్. ఫోర్‌కి ఫైవ్‌కి తేడా ఒక్కటే. కానీ ఆ ఒక్క స్టెప్ వేసే ధైర్యం ఎవరికుంది? మనకుంది! ఈరోజు మనం మార్చింది ఆయిల్ కాదు..." ఏమి మార్చారో చప్పట్లలో వినబడలేదు.

నివేదిక సిద్ధంగా ఉంది. మొన్న శుక్రవారమే రాసిపెట్టారు. కింద యజమాని సంతకానికి గీత గీసి ఉంది. హేమంత్‌కుమార్ కలం అందుకున్నాడు. అప్పుడు ప్రమీల దగ్గరికి వచ్చింది. పిచ్చి ఆవిడ, రోగుల అబద్ధాలు వినడం అలవాటైనదే కాబట్టి సూటిగా కళ్ళలోకి చూసింది.

"హేమంత్‌గారూ, పోసింది నాలుగా, ఐదా?"

నళినిగారి చేతిలో మూడో షరతు ఉన్న కాగితం గాలికి ఆడుతోంది. ఓబళప్ప సంచి సర్దుకుంటున్నాడు. హేమంత్‌కుమార్ ఈత కొలనులో నీళ్ళ వైపు చూశాడు.

"ఐదే మేడమ్," అని సంతకం చేశాడు.

అంతటితో తావు నిలిచింది. గేరూ నిలిచింది. ఒక్క మాటతో రెండూ నిలిచాయంటే ఆ మాటను తప్పుపట్టేవాడు ఉంటాడా?

మంచి పని మూల పడి ఉండదు. సంఘం వెంటనే సర్క్యులర్ ఇచ్చింది: హంసవనంలోని పాత గేరు బళ్ళన్నీ ఐదో నంబరు నూనెకు మారవలెను. తొమ్మిది బళ్ళు మారాయి. ఏడాదిలో ఆరింటికి గేర్లు కర్‌ర్‌మన్నాయి. నూనెకు బండి ఇంకా అలవాటు పడలేదని సంఘం ఓదార్చింది. అలవాటు పడని బళ్ళు ఒక్కొక్కటే కాడుగోడి చేరాయి. ఓబళప్ప వాటిని బాగుచేశాడు. ఏం నూనె పోశావని అడిగినవాళ్ళకు నాలుగని చెప్పాడు. నాలుగో తరగతి మనిషి అంతకంటే ఏం చెబుతాడని వాళ్ళు నవ్వుకుని, బాగైన బండిలో ఇంటికి వచ్చి, ఐదు ఇన్నాళ్ళకు పనిచేసిందని సంఘానికి రాశారు.

హేమంత్‌కుమార్‌ను ఉపసంఘంలోకి తీసుకున్నారు. అనుభవం ఉన్న మనిషి. బెళ్ళందూరులో వేరే అపార్ట్‌మెంట్ల వాళ్ళు కూడా పిలిచి మాట్లాడించారు. మొదటిసారి మైకు ముందు నిలబడినప్పుడు అతను "మంచి ఫలితం వచ్చింది" అని మాత్రం చెప్పి దిగిపోయాడు. అందులో అబద్ధం లేదు. రెండోసారి, నూనె మార్చాక గేరు వెన్నలా పడిందన్నాడు. అదీ నిజమే. మూడోసారి ఎవరో ప్రశ్న అడిగారు: మీకు మొదట్లో భయం వేయలేదా? "వేసింది. మెకానిక్ నాలుగే పోయమన్నాడు. కానీ నేను కమిటీని నమ్మాను," అన్నాడు. హాలు చాలాసేపు మోగింది. చప్పట్లు విన్న మాటకు మనిషి ఎదురు చెప్పడు. ఎనిమిదో సభకు వచ్చేసరికి, పాత నూనె పారిపోయి కొత్తది గుటగుటమని దిగుతుంటే డబ్బా మీద ఐదు అంకె తన టార్చి వెలుగులో ఎలా మెరిసిందో వర్ణించి చెప్పేవాడు. సభలన్నీ ఆదివారాలే. చింతామణి దారి పోవడం నెలకొకసారి అయింది. తర్వాత పండగకొకసారి అయింది.

రెండేళ్ళు గడిచాక, గేరుపెట్టెకు నూనె మార్చే గడువు వచ్చింది. ఈసారి సభ లేదు, ముగ్గు లేదు. ఫోను చేస్తే ఓబళప్ప సంచి తీసుకుని వచ్చాడు. అరిగిన బోల్టు తీసి కొత్తది వేసి అప్పటికే చాలా రోజులయింది. కారు ఎత్తి, కింద పళ్ళెం పెట్టి, సంచిలోంచి నాలుగో నంబరు డబ్బా తీశాడు.

"అదేందన్నా, అది తీస్తివి?" అన్నాడు హేమంత్‌కుమార్. "ఐదు పొయ్యి. తెప్పించి పెట్టినా."

ఓబళప్ప చెయ్యి ఆగింది. "ఐదా?"

"పోయినసారి దాంతోనే కదా బాగయింది."

"పోయినసారి పోసింది నాలుగప్పా. నువ్వే టార్చి పట్టుకోని ఉంటివి."

హేమంత్‌కుమార్ నవ్వాడు. "నన్నే ఆట పట్టిస్తావేందన్నా! రిపోర్టులో సంతకం నాదే."

"సంతకం నీదే. నూనె నాది."

"అన్నా," అన్నాడు హేమంత్‌కుమార్, పెద్దవాళ్ళతో మాట్లాడాల్సినంత మెత్తగా, భుజం మీద చెయ్యి వేసి. "నీకు వయసయిందన్నా. మర్చిపోయింటావు."

ఓబళప్ప అతని ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ ముఖంలో ఎక్కడా అబద్ధం లేదు. అబద్ధం ఆడేవాడి ముఖమైతే ఆయన గుర్తుపట్టగలడు. షెడ్డులో రోజూ చూసే ముఖమే అది. ఇది నమ్మినవాడి ముఖం. దానికి ఆయన సంచిలో పానా లేదు.

"సరేప్పా," అన్నాడు. "బండి నీది."

పై బోల్టు ముందు విప్పాడు. తర్వాత కిందిది విప్పాడు. పాత నూనె శుభ్రంగా దిగింది. పళ్ళెంలో రజను లేదు. కిందిది బిగించి, ఐదో నంబరు నూనెను, పై చిల్లులోంచి పొర్లేదాకా, ఒక్క చుక్క నేల మీద పడకుండా పోసి, పై బోల్టు బిగించి, చెయ్యి కడుక్కుని కాడుగోడి బస్సు ఎక్కాడు.

ఏడాది తిరగకుండానే రెండో గేరు పోయింది. హేమంత్‌కుమార్ దిగులు పడలేదు. మొదటి గేరులోంచి నేరుగా మూడో గేరుకు వేయడం నేర్చుకున్నాడు. ఐదో నంబరు నూనె పోసిన బండికి రెండో గేరు అవసరమే ఉండదని, మధ్యలో ఒక మెట్టు మిగులుతుందని, పోయిన ఆదివారం ఒక పెద్ద సభలో వివరించాడు. హాలు నిండా చదువుకున్నవాళ్ళు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్ళెవరని అడగకండి. మీ అరచేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.